పడవలో నుండి చూచిన కాలువ

మన సంఘ సభ్యులలో కాలువనీటితో సేద్యము చేయనివారు అరుదు. అయినను తమ కాలువను మొదటినుండి తుదివఱకు చూచినవారు అంతకంటెను అరుదు. ఎవరి తూము వారికి తెలియును. ఎవరి బోదె వారికి తెలియును. తమ తూమునకు ఎగువను ఏమి జరుగుచున్నదో, తమ చేను దాటిపోయిన నీరు దిగువను ఎంతవఱకు చేరుచున్నదో కన్నులార చూచి మాటాడువారు తక్కువ. మేమును ఏండ్ల తరబడి గట్లవెంట తిరుగుచున్నవారమే గాని, ఈ వేసవిలో రెండు దినములు పడవలో కూర్చుండి పోవువఱకు మా కాలువ స్థితి మాకును సరిగా తెలియలేదు. ఆ ప్రయాణమున చూచిన సంగతులను సభ్యుల ఉపయోగార్థము ఇందు వ్రాయుచున్నాము. ఇది గోదావరి మధ్యడెల్టాలోని యొక కాలువ. దాని పేరుగాని, ఊళ్ళ పేర్లుగాని చెప్పుట లేదు. ఒకరిని వేలెత్తి చూపుట మా యుద్దేశము కాదు. ఇందు వ్రాసిన లోపములు ప్రతి కాలువమీదను ఎంతో కొంత కనబడునవియే.

తగవు ఎట్లు వచ్చెను

ఉగాదికి వారము దినములు ముందుగా సంఘ కార్యాలయమున సభ్యులు కూడినపుడు దాళ్వానీటినిగూర్చి గట్టి తగవు పుట్టెను. శివారు గ్రామపు రైతులు కొందఱు వచ్చి, తమ పైరు వెన్నుతీసి పాలు పోసికొనుచున్నదనియు, తొమ్మిది దినములుగా తడి లేక చేలు నెఱ్ఱెలు విచ్చుచున్నవనియు, ఇట్లే యింకొక వారము గడచినచో గింజ తాలు పోవుననియు చెప్పిరి. వారిలో పెక్కుమంది సంఘమునొద్ద పంటఋణము తీసికొనినవారు. పంట పోయినచో వారి ఇంటితోబాటు సంఘపు పెట్టెయు వట్టిపోవును.

ఎగువ గ్రామపు పెద్దరైతుగారు ఒకరు దీనికి ఒప్పుకొనలేదు. “కాలువ నిండుగా వచ్చుచున్నది. మా యూరి వంతెనమీదకు వచ్చి చూడుడు” అనిరి.

“మీ వంతెన క్రింద నిండుగానే యుండును బాబాయిగారూ. మా వంతెన క్రింద పిల్లలు బంతి యాడుకొనుచున్నారు” అని శివారు రైతు ఒకడు జవాబు చెప్పెను. అందఱును నవ్విరి గాని, చెప్పినవాడు నవ్వలేదు.

మాటలు పెరుగుచుండగా వృద్ధుడగు సభ్యుడొకడు లేచి, ఎగువవారిలో ఒకరు, శివారువారిలో ఒకరు, మేమును ఒకే పడవలో ఎక్కి పైనుండి క్రిందివఱకు పోయి చూచి రావలెనని చెప్పెను. గట్టుమీద పోయినచో ముండ్లకంపలును, ఇండ్లును, పాకలును అడ్డువచ్చి తూములు కానరావనియు, నీటిలో నుండి చూచినచో రెండు గట్లును దాపరికము లేక కనబడుననియు ఆయన మాట. ఆ మాటకే అందఱును సమ్మతించిరి.

పడవలు నడచిన కాలము

నేటి పిల్లలకు కాలువలో పడవ ప్రయాణ మనగానే వింతగా తోచును. మన కాలువలు త్రవ్వినవారు మాత్రము వానిని సేద్యమునకును, రాకపోకలకును కలిపియే త్రవ్విరి. కాటన్ దొరగారి యాజమాన్యమున ధవళేశ్వరము ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసినది. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా ఏటి కడ్డముగా కట్టిన ఆ రాతికట్ట పొడవు మొత్తముమీద సుమారు 12 వేల అడుగులు. దానికి బదులుగా ఇప్పుడున్న కాటన్ బ్యారేజి 1982లో పూర్తియైనది. ఆనకట్టనుండి తూర్పు, మధ్య, పడమర డెల్టాలకు మూడు కాలువల వ్యవస్థలు బయలుదేఱినవి. కృష్ణమీద బెజవాడ ఆనకట్ట 1855లో ముగిసిన తరువాత, ఏలూరు కాలువవలన గోదావరి కాలువలును కృష్ణ కాలువలును కలిసినవి. కృష్ణకు దక్షిణమున కొమ్మమూరు కాలువయు, పెదగంజాము మొదలు బకింగుహాము కాలువయు కలియుటచే కాకినాడలో పడవ ఎక్కినవాడు చెన్నపట్టణములో దిగుటకు వీలుండెను.

ధాన్యము, కొబ్బరికాయలు, అరటిగెలలు, ఉప్పు, కలప, పెండ్లివారు, బడిపిల్లలు అందఱును రాదారి పడవలలోనే పోయెడువారు. రైళ్ళు వచ్చిన పిదప దూరపు సరకు వానిమీదికి మరలెను. రోడ్లును లారీలును పెరిగిన పిదప దగ్గఱి సరకును పోయెను. ఈ కాలువలను గోదావరి, కృష్ణలతోగూడ 2008లో నాలుగవ జాతీయ జలమార్గముగా ప్రకటించిరి గాని, మేము పోయిన కాలువలో ఇప్పుడు చేపలు పట్టువారి చిన్న పడవలు తప్ప వేఱు పడవలు లేవు.

ప్రయాణము

ఉగాది వెళ్ళిన మూడవనాడు తెల్లవాఱుజామున బయలుదేఱితిమి. పడవ చిన్నది. తాటాకులతో చిన్న కప్పు వేయించితిమి. ఎగువ రైతుగారు, శివారు రైతు, మేము, గెడ వేయుటకు ఒక కుఱ్ఱవాడు, చుక్కానియొద్ద ఎనుబదియేండ్ల సరంగు. ఈ తాత పండ్రెండవ యేట తన తండ్రి పడవమీద తాడు లాగుటకు చేఱినవాడు. ఈ కాలువ వంపులన్నియు చీకటిలోనైనను చెప్పగలడు. చద్దియన్నము, మజ్జిగకుండ, మామిడికాయ పచ్చడి, కొబ్బరి బొండములు పడవలో పెట్టుకొంటిమి. కొలతకు ఒక వెదురుకఱ్ఱపై అడుగులు, అంగుళములు గీసికొని తీసికొంటిమి.

మొదటి రెండు గంటల ప్రయాణము మిక్కిలి హాయిగా నుండెను. నీరు గట్లనిండ పాఱుచుండెను. కొబ్బరిచెట్ల నీడ కాలువకు అడ్డముగా పడియుండెను. కఱ్ఱ దించి చూడగా నడుమ నాలుగున్నర అడుగుల లోతు. ఎగువ రైతుగారు శివారు రైతు వంక చూచి, “చూచితివా అబ్బాయీ” అనిరి. అతడు ఏమియు అనలేదు.

అయితే ఆ నిండుకాలువలోనే మేము మొదట చూడవలసినదియు ఉండెను. గట్టుక్రింద నీటికి ఒక జానెడు లోతున సిమెంటు గొట్టములు కనబడెను. అవి లెక్కలోని తూములు కావు. కొన్ని చేలకు, కొన్ని చేపల చెఱువులకు పోవుచున్నవి. గట్టుమీద నుండి చూచినచో వానిపై గడ్డి కప్పియుండును. ఇంజనులు పెట్టి తోడుచున్నచోట్లు వేఱు. మొదటి లాకు చేరులోపల కుఱ్ఱవాడు లెక్కించినవి మొత్తము 31. అందులో ఒక గొట్టము ఎగువ రైతుగారి అన్నదమ్ముల చేనికే పోవుచుండెను. ఆయన దానిని చూచి, తన తువ్వాలుతో మొగము తుడిచికొని, “అదికూడ వ్రాసికొనుడు” అనిరి. మేము వ్రాసికొంటిమి.

లాకు

తొమ్మిది గంటలకు మొదటి లాకు చేరితిమి. లాకు ఎట్లు పనిచేయునో తెలియని చిన్నవారి కొఱకు కొంచెము చెప్పుదుము.

డెల్టానేల సముద్రమువైపునకు మెల్లగా వాలియుండును. కాలువను ఆ వాలున ఊరక త్రవ్వి విడిచినచో నీటివడి హెచ్చి గట్లు కోసికొనిపోవును, పడవలు ఎదురెక్కలేవు. కావున కాలువను దాదాపు చదునుగా త్రవ్వి, వాలునంతటిని కూడబెట్టి కొన్ని చోట్లమాత్రము మెట్టువలె దింపుదురు. ఆ మెట్టునొద్ద నీరు దిగుటకు ఒక దారి, పడవ దిగుటకు ప్రక్కనే ఇంకొక దారి. పడవ దారియే లాకు. రెండు కొసల తలుపులుగల రాతి గది అది. పడవ దిగునపుడు గదిని నీటితో నింపి, ఎగువ తలుపులు తెఱచి, పడవను లోనికి తెచ్చి, వెనుక తలుపులు మూయుదురు. తరువాత దిగువ తలుపులలోని చిన్న రంధ్రములు తెఱచి గదిలోని నీటిని మెల్లగా వదలుదురు. పడవ నీటితోబాటు దిగిపోవును. గదిలోని నీరు దిగువనీటితో సమమైనంతనే దిగువ తలుపులు తెఱచుకొనును. ఎక్కునపుడు ఇదే పని తలక్రిందుగా జరుగును. ఇట్టి గదిలాకు మొట్టమొదట చీనాదేశమున క్రీ. శ. 984లో కట్టబడెనని చరిత్రకారులు చెప్పుదురు.

రెండు తలుపులు ఎగువవైపునకు మొనతేలి కలిసికొనునట్లు అమర్చుటవలన నీటి బరువే వానిని మూసి పట్టును. ఇరుప్రక్కల నీరు సమము కానంతవఱకు ఎంతటి బలవంతుడు తోసినను తలుపు కదలదు.

మేము చేరిన లాకులో తలుపులు పాడై, గది సగము పూడి, తుంగ మొలచి యున్నది. పడవను దింపు మార్గము లేదు. లాకుకాపరి యుండిన పాత యిల్లు ప్రక్కనే కూలియున్నది. సరంగు పడవను గట్టునకు చేర్చి, గదిగోడమీద కూర్చుండి, రాతిలో తాళ్ళు ఒరసికొని పడిన గాళ్ళు మాకు చూపెను. ఆ గాళ్ళలో బొటనవ్రేలు పట్టును.

“తాతా, ఇక్కడ ఎంతసేపు నిలిచెడువారు?” అని అడిగితిమి.

“ఒక్కొక్కనాడు గంట, ఒక్కొక్కనాడు మూడు గంటలు బాబూ. మేము దిగుచుంటే దిగువను ఎక్కు పడవ కనబడినదాకా లాకుకాపరి నీరు వదలెడువాడు కాడు. ఎండలలో మఱింత గట్టిగా ఉండెడువాడు” అని చెప్పెను.

కారణమును ఆయనయే విడమరచి చెప్పెను. దిగు పడవ దిగిపోయిన తరువాత గదిలో నీరు తక్కువగా నుండును. అప్పుడే ఎక్కు పడవ లోనికి వచ్చినచో దానిని ఎక్కించుటకు నింపిన నీటితోనే తరువాతి దిగు పడవ దిగును. ఒక గది నీరు రెండు పడవలకు చాలును. ఎవరి తొందరను వారు చూచుకొని, దిగువారు దిగువారే వరుసగా పోయినచో పడవ కొకగది నీరు పోవును. అందుచేత ఎంత ధనవంతుని పడవయైనను వేసవిలో లాకునొద్ద ఆగవలసినదే.

మేము నేలమీద పుల్లతో లెక్క వేసితిమి. గది పొడవు 100 అడుగులు, వెడల్పు 20 అడుగులు, నీటి దింపు 6 అడుగులు అనుకొనినచో ఒకమారు గది ఖాళీయగుటకు 12,000 ఘనపుటడుగుల నీరు పోవును. అది ఒక ఎకరముమీద మూడంగుళములకు కొంచెము పైగా నిలుచు నీరు. అనగా ఒక పడవ ఆగక పోయినపుడెల్ల ఒక ఎకరపు తడి పోయెనన్నమాట. ఆ లెక్క తెలిసియే వెనుకటివారు పడవలను ఆపిరి. సరంగు లెక్క చూచి తల యూపెను. “మాకు ఘనపుటడుగులు తెలియవు గాని, ఆగుట తెలియును” అనెను.

పడవను దాటించుటకు దగ్గఱి పొలములో కళ్ళము శుభ్రము చేయుచున్నవారిని పిలిచితిమి. పదుగురు వచ్చి పడవను ఎత్తి, దిగువ గట్టున దింపిరి. ఎగువ రైతుగారు పంచె ఎగగట్టి తామును ఒక ప్రక్క పట్టిరి.

నడిమి భాగము

లాకు దిగువను కాలువ రూపు మాఱెను. కఱ్ఱపై లోతు మూడడుగులు చూపెను. మధ్యాహ్నమునకు వడగాలి మొదలాయెను. తాటాకు కప్పు క్రిందను ఊపిరి యాడలేదు. ఒక మైలు పొడవున గుఱ్ఱపుడెక్క నీటిని చాపవలె కప్పియుండెను. కుఱ్ఱవాడును, శివారు రైతును నీటిలోనికి దిగి చేతులతో దానిని ఱెండుగా చీల్చుచు పడవను లాగిరి. పైన ఆకులు పచ్చగా నున్నవి గాని, క్రింద వేళ్ళ కుచ్చులు అడుగున్నర లోతు వ్రేలాడి నీటినడకను పట్టి నిలుపుచున్నవి. దానిలో చిక్కుకొని ప్లాస్టిక్కు సంచులు, కొబ్బరిబొండపు డిప్పలు కుప్పలుగా నున్నవి. ఆ చాపకు ఎగువను కఱ్ఱ దించి, దిగువను కఱ్ఱ దించి చూచితిమి. నీటిమట్టమున నాలుగంగుళముల భేదము వచ్చెను. ఎగువ గ్రామముల వంతెనక్రింద నీరు నిండుగా కనబడుటకు ఇదియు ఒక కారణము. నీరు వచ్చుచున్నందున మాత్రమే కాక, పోలేక నిలిచినందునను కాలువ నిండుగా కనబడును.

ఇంకొకచోట లెక్కలోని తూమే కాని, తలుపు పలక తుప్పుపట్టి సగము ఊడిపోయినది. దాని వెనుక పంటబోదె నిండి, చేలు నిండి, మిగిలిన నీరు తిన్నగా మురుగుకాలువలో పడుచున్నది. దాని మొఱ్ఱ చప్పుడు మాకు దూరమునుండియే వినబడెను. ఆ చేల రైతు గట్టుమీదకు వచ్చి, పలక వేయించుడని తాను చెప్పి చెప్పి విసిగితి ననెను. అది సెకనుకు ఒక ఘనపుటడుగు, అనగా ఒక క్యూసెక్కు నీరైనచో ఏమగునో అక్కడనే లెక్క చెప్పితిమి. ఒక క్యూసెక్కు దినమున కెడతెగక పాఱినచో 86,400 ఘనపుటడుగులు. దానితో సుమారు 12 ఎకరములకు రెండేసి అంగుళముల తడి పెట్టవచ్చును. ఆ తడి వేసవిలో అయిదు దినములు ఆగుననుకొనినచో అయిదు దినములలో 60 ఎకరముల దాళ్వా గట్టెక్కును. ఇంతటి నీరు ఒక ఇనుపపలక లేనందున సముద్రమునకు పోవుచున్నది.

ఆ రాత్రి ఒక రేవున పడవ కట్టి, గుడి మండపమున పండుకొంటిమి. ఎగువ రైతుగారును శివారు రైతును చాలసేపు మాటాడుకొనిరి. తగవు మాటలు కావు. పెండ్లిండ్లు, పశువులు, కూలీల కొఱత, మందుల ధరలు. శివారు రైతు తన ముగ్గురు బిడ్డలలో పెద్దపిల్ల కాలేజి రుసుము ఈ పంటమీదనే పెట్టుకొనితినని చెప్పెను. దానిపై ఎగువ రైతుగారు కొంతసేపు మాటాడలేదు.

శివారు

రెండవ దినము రెండవ లాకు దాటిన పిదప లోతు రెండడుగులకును, తరువాత ఒక అడుగునకును దిగెను. పది గంటలకు పడవ బురదలో తగులుకొని నిలిచిపోయెను. అక్కడినుండి శివారు గ్రామపు వంతెన కనబడుచుండెను గాని, పడవ అంతవఱకు పోలేదు. అందఱమును మోకాలిలోతు బురదలో దిగి నడచితిమి. సరంగు మాత్రము పడవలోనే కూర్చుండి, తన చిన్నతనమున ఇదే చోట బరువు పడవలు తెఱచాప ఎత్తి పోయెడువని చెప్పెను.

చేలలోనికి పోయి చూడగా శివారువారు చెప్పినదానిలో అబద్ధము లేదు. నెఱ్ఱెలలో చేయి మణికట్టువఱకు దూఱెను. వెన్ను పట్టి గింజ నొక్కగా కొన్నిట పాలు వచ్చెను, కొన్నిట రాలేదు. ఎగువ రైతుగారు వంగి, గట్టునుండి గట్టువఱకు నాలుగైదు చోట్ల గింజ నొక్కి చూచిరి. సేద్యము తెలిసినవారికి మేము చెప్పవలసినది ఏమియు లేకపోయెను. లేచి నిలిచి, “ఇంక ఆఱు దినములు ఆగదు. రేపే వంతు పెట్టవలెను” అని మాత్రము అనిరి.

ఇచ్చట మా తప్పును కూడ చెప్పవలసియున్నది. మాఘమాసముననే ఈ గ్రామపువారు నీరు చాలకున్నదని మాకు చీటి వ్రాసిరి. మేము వచ్చి, ఎండ హెచ్చుగా నుండుటచే ఎగువ వంతెనమీదనే నిలిచి చూచి, కాలువలో నీరు సమృద్ధిగా కలదని మా దినచర్యలో వ్రాసి వెళ్ళిపోతిమి. ఆ మాట పుస్తకములో నుండుటచే తరువాత వారి మొఱ ఎవరును వినలేదు. వంతెనమీద నిలిచి వ్రాసిన ఒక పంక్తి ఎన్ని చేలను ఎండబెట్టగలదో ఆనాడు ఆ గట్టుమీద మాకు తెలిసెను.

తరువాత జరిగినది

మఱునాడే సంఘమున సభ్యులు కూడిరి. మేము లెక్క చదివితిమి. గొట్టముల సంగతి వచ్చినపుడు కొందఱు లేచి కేకలు వేసిరి. ఎగువ రైతుగారు లేచి, మొట్టమొదట తమ అన్నదమ్ముల గొట్టమును మూయించెదమని చెప్పినంతనే ఆ కేకలు తగ్గెను. కాలువ కట్టివేయుటకు మిగిలిన దినములను వంతులుగా పంచుకొనిరి. ఎగువభాగము మూడు దినములు, నడిమిభాగము మూడు దినములు, శివారు నాలుగు దినములు. అత్యవసరమగుటచే మొదటి వంతు శివారునకే ఇచ్చిరి. రాత్రులయందు ఎగువవారు ఇద్దఱు, శివారువారు ఇద్దఱు కలిసి గట్టుమీద కాపలా తిరిగిరి. గుఱ్ఱపుడెక్క తీయుటకు ఇంటి కొక మనిషి వచ్చెను. ఊడిన పలకకు బదులు సంఘము ఖర్చుతో తాటిపలక బిగించిరి. ఒకరిద్దఱు చెఱువులవారు మాత్రము గొట్టములు మూయలేదు. ఆ సంగతి పైవారికి వ్రాసియున్నాము.

శివారు చేలలో మూడింట రెండువంతులకు గింజ కట్టెను. మిగిలిన మూడవవంతు తాలు పోయెను. వారము ముందుగా వంతు పెట్టియున్నచో ఆ మూడవవంతును దక్కెడిది. దీనిని జయమని వ్రాయుటకు మాకు మనసు రాలేదు.

ఇక చేయవలసిన పని

కాలువలు కట్టివేసిన కొలది వారములలోనే మరమ్మతుల కవకాశము. నీరు వదలిన పిదప ఏ పనియు కాదు. కావున సభ్యులు ఈ క్రింది విషయములను గమనింపవలెను.

మొదటిది: ప్రతి గ్రామమువారును తమ పంటబోదెల పూడికను, తుంగను ఈ దినములలోనే తీయించుకొనవలెను. గుఱ్ఱపుడెక్కను తీసి గట్టుమీదనే పోసినచో తొలివానకు మరల కాలువలో పడును. దూరముగా గుంటలో వేసి పేడతో కలిపి మురుగనిచ్చినచో ఎరువగును.

రెండవది: ప్రతి తూమునకు పలక ఉన్నదా, సరిగా మూతపడుచున్నదా అని చూచి జాబితా వ్రాయవలెను. రైతులచే నీటి యాజమాన్యము చేయించుటకు 1997లో చట్టము చేయబడి, నీటి వినియోగదారుల సంఘములకు ఆధారము ఏర్పడినది. మన పరపతి సంఘమును ఆ సంఘమును ఒకే ఊరివారివే గనుక, జాబితాను రెండు చోట్లను చదివి వినిపింపవలెను.

మూడవది: వంతును కఱవు వచ్చిన పిదప కాక, నాట్లనాడే వ్రాసికొనవలెను. అందఱును ఒక్కమారు తెఱచినచో బోదెలో నీరు పలుచనై ఎవరి చేని చివరకును ఎక్కదు. ఒకరు నిండుగా తీసికొని పూర్తిగా మూసి, తరువాత ఇంకొకరు తీసికొనినచో త్రోవలో ఇంకిపోవు నీరు తగ్గును. లాకుకాపరి పడవలను ఆపిన న్యాయమే ఇది.

నాలుగవది: వరిచేనిలో ఎల్లప్పుడును లోతుగా నీరు నిలుపవలెనను నమ్మకమును విడువవలెను. నాటిన మొక్క నాటుకొనిన పిదప తడి పొడి పద్ధతిని అవలంబింపవచ్చును. రంధ్రములు వేసిన గొట్టము నొకదానిని చేనిలో పాతి, లోపలి నీరు నేలమట్టమునకు 15 సెంటీమీటర్లు దిగువకు పోయినపుడు మరల 5 సెంటీమీటర్ల నీరు పెట్టిన చాలును. పూతకు ఒక వారము ముందునుండి పూత ముగిసిన వారమువఱకు మాత్రము నీరు తప్పక నిలిపి యుంచవలెను. పాలు పోసికొను దశలోను పైరును బెట్టకు రానీయరాదు. ఇట్లు చేసినందున దిగుబడి తగ్గదు. ఎగువ చేలలో మిగిలిన ప్రతి తడియు శివారునకు చేరును.

అయిదవది: ఏటేట పుష్యమాసమున ఒకమారు, ఫాల్గుణమున ఒకమారు ఎగువవారును శివారువారును కలిసి కాలువ చివరివఱకు పోయి రావలెను. పడవ లేనిచో నడచి పోవలెను. మేమును ఇకమీదట వంతెనమీద నిలిచి వ్రాయము; చివరి తూమునొద్ద కఱ్ఱ దించి చూచిన పిదపనే వ్రాయుదుము.

వచ్చు దాళ్వాకు నాట్లు పడునాటికి వంతుల పట్టీని వ్రాసి సంఘ కార్యాలయపు గోడకు అంటింపవలెనని సభ్యులు నిర్ణయించియున్నారు. మేము కొలతకు తీసికొనిపోయిన వెదురుకఱ్ఱ ఆ గోడప్రక్కనే పెట్టబడియున్నది. కావలసిన గ్రామమువారు వచ్చి దానిని తీసికొనిపోయి, తమ కాలువను కొలిచికొని, మరల తెచ్చి యీయవలెనని కోరుచున్నాము.